గుండె కింద నాలుగు వేళ్లు

ఆ కెమెరాల దుకాణంలోకి అడుగుపెట్టిన వాళ్లకి ముందు కనిపించేది కెమెరాలు కాదు, బెల్టు బాబాయి. అద్దాల బీరువాల ముందు, తలుపుకి ఎడమ పక్కన, ఎత్తు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంటాడు. ఎదురుగా బల్ల మీద ఒక నల్లటి రబ్బరు చాప, దాని మీద పట్టకారు, చిన్న కత్తెర, నైలాను దారపు ఉండ, సూదులు గుచ్చిన దూది మూట. కెమెరా గొప్పలు చెప్పి అమ్మడానికి వేరే మనుషులున్నారు. అమ్ముడైన కెమెరాకి భుజాన వేసుకునే బెల్టు తగిలించే పని మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా బాబాయిది. అందులో ఇంకొకరు వేలు పెట్టడానికి వీల్లేదు.

ఒకసారి కొత్తగా చేరిన సేల్స్‌మన్ ఒకడు, బాబాయి టీ తాగడానికి వెళ్లిన సందులో, పాపం సాయం చేద్దామని తనే ఒక బెల్టు తగిలించాడు. బాబాయి తిరిగొచ్చి చూశాడు. కొన్నవాడి ముందే ఆ బెల్టుని పట్టకారుతో కొస పట్టుకుని, చచ్చిన బొద్దింకని తీసినట్టు తీసి పక్కన పెట్టి, లోపలికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కొచ్చాడు. ఆ సేల్స్‌మన్ ఇప్పుడు బ్యాటరీల వైపు ఉంటాడు. ఇటు తలెత్తి చూడడు.

బెల్టు తగిలించడం ఎంత భాగ్యం, అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. బాబాయి ముందు మాత్రం అనకండి, సాయంత్రం దాకా వదలడు. కెమెరాకి రెండు పక్కలా రెండు చెవులుంటాయి. బెల్టు కొసని ఆ చెవిలోకి కింద నుంచి పంపాలి గాని పైనుంచి పంపకూడదు. చెవిలోంచి వచ్చిన కొసని చిన్న రింగులో దూర్చి, బకిల్‌లో మెలిక తిప్పి, మిగిలిన తోకని రెండు పొరల మధ్యకి దోపెయ్యాలి. తోక బయటికి కనిపించిందంటే బాబాయి దృష్టిలో అది చొక్కా గుండీలు పెట్టుకోకుండా పెళ్లికి వచ్చినట్టు. తర్వాత మూడు లాగుళ్లు. మొదటిది కెమెరా చేసినవాడి కోసం, రెండోది కొన్నవాడి కోసం, మూడోది దుకాణం పరువు కోసం. అదయ్యాక కెమెరాని కొన్నవాడి మెడలో వేసి, “ఏదీ, ఒకసారి వంగండి,” అంటాడు. వంగాల్సిందే. ఊళ్లో పేరున్న డాక్టర్లు, లాయర్లు, ఒక జడ్జి గారు కూడా ఆ రబ్బరు చాప ముందు వంగి లేచినవాళ్లే. ఈ సంగతి తల్చుకున్నప్పుడల్లా బాబాయి వెన్నెముక ఇంకో అంగుళం సాగేది.

ఇక పొడవు. ఎవరికైనా సరే, మెడలో వేసుకుంటే కెమెరా గుండె కింద నాలుగు వేళ్ల దూరంలో ఆగాలి. ఇది మొదట్లో పెద్ద ఓనరు చెప్పిన కొలత. బాబాయి పనిలో చేరిన వారంలో, బెల్టు ఎంత పొడవు పెట్టమంటారని అడిగితే, ఆయన ఏదో హడావుడిలో ఉండి తన రొమ్ము మీద నాలుగు వేళ్లు పెట్టి చూపించి వెళ్లిపోయాడు. పెద్ద ఓనరుకి ఘనమైన పొట్ట ఉండేది. కెమెరా అంతకంటే కిందికి దిగితే ఆ పొట్ట మీద వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూసేది. అందుకని ఆయన తనకి కుదిరిన కొలత చెప్పాడు. బాబాయి దాన్ని మనుషులందరి కొలత అనుకున్నాడు. పెద్ద ఓనరు పోయాడు, ఆయన పొట్టా పోయింది, కొలత మాత్రం మిగిలింది. పొడుగువాళ్లు, పొట్టివాళ్లు, సన్నవాళ్లు, లావువాళ్లు, అందరికీ గుండె కింద నాలుగు వేళ్లే. ఎవరైనా నోరు తెరిచి, నాకు ఇంత పొడవు కావాలండీ అని చెప్పబోతే, బాబాయి చెయ్యి ఎత్తి, “ముందు కట్టనివ్వండి,” అనేవాడు. కట్టాక ఇంక చెప్పేదేముంటుంది.

ముఖ్యులనుకున్న వాళ్లకి ఇంకో మర్యాద కూడా జరిగేది. తోకని దోపి ఊరుకోకుండా, నైలాను దారంతో అయిదు కుట్లు వేసి, మిగిలిన ముక్కని కత్తిరించి పారేసేవాడు. ఇక ఆ బెల్టు జన్మలో సాగదు, తగ్గదు. కుట్టు వేయించుకున్న వాళ్లు చాలా మర్యాదగా థాంక్స్ చెప్పి, వేగంగా బయటికి నడిచేవాళ్లు. పని తొందరలో ఉన్నారు కాబోలు అనుకునేవాడు బాబాయి.

“ముప్పై ఒక్క ఏళ్లు. నేను కట్టిన బెల్టు ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు.” ఈ మాట ఆయన ఇంట్లో అన్నాడు, బస్సులో అన్నాడు, క్షవరం చేయించుకుంటూ అన్నాడు, పన్ను పీకించుకోవడానికి నోరు తెరిచే ముందు కూడా అన్నాడు. దుకాణంలో అన్నప్పుడు మాత్రం వెనక గదిలో ఒక కుర్చీ కిర్రుమనేది. ఆ గదిలో కెమెరాలు బాగుచేసే మెకానిక్ ఉంటాడు. పొద్దస్తమానం కంటికి అద్దం బిగించుకుని ఉంటాడు గనక అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరారు. బాబాయి ఆ మాట అనగానే భూతద్దం తల ఇంకాస్త దించుకుని, అప్పటికే బిగించిన స్క్రూని మళ్లీ బిగించేవాడు. స్నేహితుడి గొప్పతనానికి అసూయ పడుతున్నాడని బాబాయి నమ్మకం. పోనీలే పాపం అని క్షమించేవాడు కూడా.

ఇంత గొప్ప మనిషికి ఇంట్లో ఒక కూతురుంది. ఒక్కగానొక్క కూతురు. మనిషి పొట్టి, పట్టుదల పొడుగు. పత్రికలో ఫొటోగ్రాఫర్ అవుతానని చిన్నప్పటి నుంచి ఒకటే పాట. రెండు పత్రికల వాళ్లు ఎత్తు చూసి, గుంపులో నువ్వు కనిపించవమ్మా, నీకు ఎవరూ కనిపించరు, అని పంపేశారు. మూడో పత్రిక వాళ్లు ఆమె తీసిన ఫొటోలు చూసి మూడు నెలలు చూస్తామన్నారు. ఆఫీసు కెమెరా ఒకటి చేతికిచ్చి, ఒక్కటే షరతు పెట్టారు. ఈ మూడు నెలల్లో కెమెరా కింద పడితే, అది పడినచోటే ఉద్యోగం కూడా పడినట్టు. రోజూ సాయంత్రం ఆరింటికి కెమెరాని ఫొటో ఎడిటర్‌కి చూపించి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి.

మొదటి రోజు సాయంత్రం ఆ కెమెరా ఇంటికి వచ్చింది. బాబాయి కళ్లు కూతురి మొహం మీదికి పోలేదు, బెల్టు మీదికి పోయాయి. కెమెరా ఆమె నడుము దగ్గర ఊగుతోంది. రెండు పక్కలా రెండు తోకలు బయటికి వేలాడుతున్నాయి.

“ఎవరు కట్టారు దీన్ని?”

“నేనే నాన్నా.”

“తోకలు బయటికున్నాయి.”

“ఉండనీ. అలా ఉంటేనే చప్పున పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ వీలు.”

“బెల్టు అనేది పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ కాదమ్మా. ఒకసారి కడితే అంతే. ఏదీ, ఇలా ఇవ్వు.”

“వద్దు నాన్నా, నా పనికి ఇదే కుదురుతుంది. నేను పొట్టిదాన్ని కదా, గుంపులో కెమెరాని తల మీదికెత్తి తీయాలి. బెల్టుని చేతికి మూడు చుట్లు చుట్టుకుంటే జారిపోదు. దానికి పొడుగ్గా ఉండాలి.”

“నాకు చెప్తున్నావా? ముప్పై ఒక్క ఏళ్లు...”

“తెలుసు నాన్నా. ఒక్కటీ ఊడలేదు.”

కాదన్నందుకు కాదు, తన మాటని తను పూర్తి చెయ్యకముందే పూర్తి చేసినందుకు బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి కూతురితో మాటలు బంద్. ఏదైనా చెప్పాలంటే భార్య ద్వారా చెప్పేవాడు. కూతురు ఎదురుగా కూర్చునే ఉంటుంది. “ఆ నడుము దాకా దిగిన వస్తువుని కాస్త పైకి ఎత్తి కట్టుకోమని చెప్పు,” అంటాడు గోడ కేసి చూస్తూ. “విన్నానని చెప్పమ్మా,” అంటుంది కూతురు. నాలుగు రోజులు మోసి ఆ ఇల్లాలికి విసుగొచ్చింది.

“మీ ఇద్దరి మధ్యా నేను పోస్టుమాన్ ఉద్యోగం చెయ్యలేను. ఒక జానెడు బెల్టు కోసం కన్నకూతురితో మాట మానేసిన వాణ్ని ఎక్కడా చూళ్లేదు,” అంది.

“జానెడు కాదు, జానెడున్నర,” అన్నాడు బాబాయి.

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. నిజానికి ఆయనకి లోపల భయం కూడా ఉంది. రాత్రీ పగలూ ఆ తోకలే కళ్ల ముందు ఆడేవి. అది ఏదో ఒకరోజు ఊడుతుంది, కెమెరా పడుతుంది, పిల్ల ఉద్యోగం పోతుంది, ఇన్నేళ్లు కన్న కల పోతుంది. ఇది ఆయన నిజంగానే నమ్మాడు. మూర్ఖత్వంలో ప్రేమ ఎంత కలిసి ఉందో, ప్రేమలో మూర్ఖత్వం ఎంత కలిసి ఉందో వేరు చెయ్యడం నా వల్ల కాదు.

పంతొమ్మిదో రోజు ఆదివారం. ఎండలో తిరిగే పని కాబట్టి మంచి బూట్లు కొనాలని మధ్యాహ్నం తల్లీ కూతుళ్లు బజారుకి వెళ్లారు. కెమెరా సంచి భోజనాల బల్ల మీద ఉంది. బాబాయి పేపరు తెరిచి కూర్చున్నాడు. ఒకే వార్తని నాలుగు సార్లు చదివాడు. లేచి మంచినీళ్లు తాగాడు. సంచి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. జిప్పు కొంచెం తెరిచే ఉంది. దుమ్ము లోపలికి పోతుందేమో, వేసేద్దామని దగ్గరికి వెళ్లాడు. వేసే బదులు తీశాడు. అంతే.

రెండు తోకలూ లాగి పడేశాడు. కింద నుంచి చెవిలోకి, చెవిలోంచి రింగులోకి, రింగులోంచి బకిల్‌లోకి, చేతులు వాటంతటవే నడిచాయి. కొలవడానికి పిల్ల లేదు గనక తలుపు వెనక వేలాడుతున్న ఆమె రెయిన్‌కోటుకి తగిలించి చూశాడు. గుండె ఎక్కడుంటుందో అంచనా వేసి, దాని కింద నాలుగు వేళ్లు పెట్టాడు. సరిగ్గా కుదిరింది. అక్కడితో ఆగినా బాగుండేది. కాని సొంత కూతురు, ఆపైన పత్రికా ఉద్యోగం. ఇంతకంటే ముఖ్యులెవరుంటారు? భార్య కుట్టు డబ్బాలోంచి సూది తీసి, అటు అయిదు, ఇటు అయిదు కుట్లు వేశాడు. మిగిలిన తోకలు కత్తిరించి, మురిపెంగా చూసుకుని, చెత్తబుట్ట అడుగున దాచాడు. మూడు సార్లు లాగాడు. మూడోసారి లాగినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరాని సంచిలో పెట్టి, జిప్పు మునుపటంతే తెరిచి ఉంచాడు.

సాయంత్రం వాళ్లు రాగానే ఆయనే ముందు మాట్లాడాడు.

“బూట్లు బాగున్నాయమ్మా.”

కూతురు అలాగే నిలబడిపోయింది. పంతొమ్మిది రోజుల తర్వాత నాన్న నోట మాట వినేసరికి ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ పూటంతా బూట్లు విప్పలేదు. నాన్న ముందు అటూ ఇటూ నడిచి చూపించింది. ఆ సంబరంలో కెమెరా సంచి తెరిచి చూసుకోవాలన్న ధ్యాసే లేకపోయింది.

మర్నాడు ఉదయం కొత్త బస్టాండు ప్రారంభం. ఆమె వెళ్లింది అక్కడికే. బాబాయి దుకాణంలో తన స్టూలు మీద, మామూలు కంటే ఇంకొంచెం ఎత్తుగా కూర్చున్నాడు. పదకొండు గంటలకి గాజు తలుపు తోసుకుని కూతురు లోపలికొచ్చింది. సంచిని రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉంది. థాంక్స్ చెప్పడానికి ఇంత దూరం వచ్చింది పిచ్చిపిల్ల, అనుకున్నాడు బాబాయి. ఫర్వాలేదమ్మా అనడానికి గొంతు కూడా సవరించుకున్నాడు. ఆమె ఆయన ముందు నుంచే నడిచి, ఆగకుండా, వెనక గదిలోకి వెళ్లింది.

బాబాయి వెనకే వెళ్లాడు. భూతద్దం అప్పటికే కెమెరాని దీపం కింద పెట్టి తిప్పి చూస్తున్నాడు. లెన్సు ముందు రింగు ఒక పక్క నొక్కుకుపోయింది. కెమెరా ఒక మూల సొట్టపడి, నల్లరంగు లేచి, కింద లోహం తెల్లగా కనిపిస్తోంది.

“ఎలా పడిందమ్మా?” అన్నాడు భూతద్దం.

“జనం ఎక్కువగా ఉన్నారు మామయ్యా. తల మీదికెత్తి తీయాలి. చేతికి చుట్టుకుందామని చూస్తే బెల్టు ఒక్క చుట్టుకి కూడా రాలేదు. వదులు చేద్దామని తోక కోసం వెతికితే తోకే లేదు. ఇంక టైము లేదు, రిబ్బను కత్తిరిస్తున్నారు. మెడలోంచి తీసి ఒట్టి చేతుల్తో ఎత్తాను. వెనక నుంచి ఎవరిదో మోచెయ్యి తగిలింది.”

భూతద్దం బెల్టు అందుకున్నాడు. అయిదు కుట్లు, మళ్లీ అయిదు కుట్లు. ఎవరివని అడగలేదు. మెల్లగా తలెత్తి గుమ్మంలో ఉన్న బాబాయిని చూశాడు.

అప్పుడైనా బాబాయి నోరు మూసుకుని ఉండాల్సింది. కాని ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, మనిషి కంటే ముందు అదే మాట్లాడింది.

“అయినా బెల్టు ఊడలేదుగా,” అన్నాడు.

భూతద్దం కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. అది తీసిన మొహం బాబాయి చూసి చాలా ఏళ్లయింది.

“ఊడలేదు నాన్నా,” అంది కూతురు. గొంతు పెంచలేదు. “చాలా గట్టిగా ఉంది. నా మెడలో లేదు, అంతే.”

బాబాయి గుమ్మం దాటి లోపలికి రాలేదు. భూతద్దం గంటసేపు కూర్చుని రింగు సరిచేశాడు. కెమెరా పనిచేస్తోంది, ఫొటోలు కూడా క్షేమం. సొట్ట మాత్రం పోలేదు.

“కొంచెం నల్లరంగు పూస్తాను. సాయంత్రం దీపాల వెలుగులో ఎవరి కంటా పడదు,” అన్నాడు భూతద్దం.

“వద్దు మామయ్యా. పడిందని చెప్పేస్తాను. ఈవేళ దాచితే మూడు నెలలూ దాస్తూ ఉండాలి,” అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో తండ్రి పక్క నుంచి తప్పుకుని వెళ్లింది, ముట్టుకోకుండా.

ఆ మధ్యాహ్నం ముగ్గురు కెమెరాలు కొన్నారు. బాబాయి ముగ్గురికీ బెల్టు కట్టాడుగాని ఎవరినీ వంగమనలేదు. అయిదింటికి స్టూలు దిగి, చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. మొదటి బస్టాపుకి, “తప్పు బెల్టుదండీ,” అనుకున్నాడు. బెల్టుకి తప్పేమిటి, అది కుట్టినంతే ఉంది. మూడో బస్టాపుకి, “తప్పు ఎవరిదీ కాదండీ, జనం తోశారు,” అనుకున్నాడు. అది ఇంకా బాగుంది గాని, చెప్పుకుంటుంటే నోరు చేదెక్కింది. పత్రికాఫీసు మెట్లెక్కేసరికి చేతిలో ఒక్క వాక్యమే మిగిలింది.

ఫొటో ఎడిటరు ఒక పెద్దావిడ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్లజోడు నుదుటికి ఎక్కించుకుని ఉంది. బల్ల మీద కెమెరా, దాని పక్కన తెరిచిన రిజిస్టర్. కూతురు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తండ్రిని చూసి మొహం తిప్పేసుకుంది.

“ఎవరండీ మీరు?” అంది ఎడిటరు.

“ఈ పిల్ల తండ్రినండీ. బెల్టు నేను కట్టాను.”

“నాన్నా, నువ్వు బయట కూర్చో.”

“నేనే కట్టానండీ. దానికి తెలియకుండా, ఇంట్లో లేనప్పుడు కట్టాను. అది వద్దంది. నేను పొట్టిగా కట్టి, విప్పే వీలు లేకుండా కుట్టి, తోకలు కోసేశాను. అందువల్లే పడింది.”

ఒక్క వాక్యం అనుకున్నది ఇన్నయ్యాయి. అనడం అయ్యాక బాబాయికి ముప్పై ఒక్క ఏళ్లు పోగుచేసుకున్నదంతా ఆ బల్ల మీద పెట్టేసినట్టయింది.

ఎడిటరు కూతురి వైపు తిరిగింది. “నువ్వేమో నా చేతుల్లోంచి జారింది, తప్పు నాదే అన్నావు.”

బాబాయి ఆమె కేసి చూశాడు. తన పేరు ఎత్తలేదన్నమాట. ఉద్యోగం పోతున్నా ఎత్తలేదు. ఆయనకి ఏడుపొచ్చింది.

ఎడిటరు కళ్లజోడు దించి బెల్టుని దగ్గరికి తీసుకుంది. కుట్ల మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా నిమిరింది. ఉన్నట్టుండి నవ్వింది.

“మీరా?” అంది. “నన్ను వంగమన్నారు గుర్తుందా? ఇరవై ఏళ్లయింది. నా మొదటి కెమెరా మీ దుకాణంలోనే కొన్నాను. ఇవే కుట్లు.”

అంతటి దుఃఖంలోనూ, తన కుట్టుని ఇరవై ఏళ్ల తర్వాత గుర్తుపట్టారని బాబాయికి ఒక్క క్షణం గర్వం కలిగింది. మనిషి మారడానికి ఆ మాత్రం టైము పడుతుంది.

“ఊడలేదు కదండీ?” అన్నాడు, ఆగలేక.

“ఊడటానికి అది ఉంటేగా. నాకు నడుము దాకా కావాలని చెప్పబోయాను. ముందు కట్టనివ్వండి అన్నారు. పత్రికలో పని అన్నానని, కట్టాక కుట్టేశారు కూడా. బయటికొచ్చి, ఏం చెయ్యాలో తెలియక పక్క సందులోకి తిరిగితే, మీ దుకాణం వెనక గుమ్మం దగ్గర కంటికి అద్దం పెట్టుకున్న ఒకాయన కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. నాకంటే ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. అందరికీ విప్పి, అడిగిన పొడవుకి కట్టి పంపిస్తున్నాడు. ముందు గదిలో ఉన్నాయనకి చెప్పకండి, బాధపడతాడు అన్నాడు.”

బాబాయి వెతుక్కుని ఒక కుర్చీలో కూర్చున్నాడు. కిర్రుమన్న కుర్చీ, బిగించిన స్క్రూనే మళ్లీ బిగించడం, ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. అసూయ అనుకున్నాడు. క్షమించాడు కూడా. ఆయన కట్టిన బెల్టు ఒక్కటీ ఊడకపోవడం అక్షరాలా నిజం. ఊడేలోపే కొన్నవాళ్లు దుకాణం వెనక్కి వెళ్లి విప్పించేసుకునేవాళ్లు.

ఎడిటరు పెన్ను తీసి రిజిస్టర్‌లో రాసింది. పడిన కారణం అన్నచోట, బెల్టు పొట్టి, అని రాసి కింద గీత గీసింది.

“రూలు రూలే. వదిలెయ్యడం కుదరదు,” అంది కూతురితో. “అలాగని, నిజం చెప్పడానికి ఇద్దరు పోటీ పడుతుంటే పంపెయ్యడమూ కుదరదు. నీ మూడు నెలలూ రేపట్నుంచి మళ్లీ మొదలు. మళ్లీ పడితే మాత్రం మీ నాన్నగారు వచ్చినా లాభం లేదు.”

తండ్రీ కూతుళ్లు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. కాని ఈసారి మాటలు బంద్ అయినందువల్ల కాదు.

మర్నాడు బాబాయి దుకాణం తెరిచే వేళకే వెళ్లి కొత్త బెల్టు ఒకటి తీసుకున్నాడు. వెనక గదిలో భూతద్దం దీపం తుడుచుకుంటున్నాడు. బాబాయి గుమ్మంలో నిలబడి, “ఆ కత్తెర మొద్దుబారిందా?” అన్నాడు. భూతద్దానికి అర్థమైంది. “రెండు మార్చాను ఇన్నేళ్లలో,” అన్నాడు తలెత్తకుండా. ఇద్దరికీ అంతకంటే మాట్లాడుకోవడం చేతకాదు.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద రబ్బరు చాప పరిచాడు. కెమెరా దాని మీద పెట్టాడు. కూతురు కొత్త బూట్లు వేసుకుని ఎదురుగా నిలబడింది. బాబాయి బెల్టు కొస పట్టుకుని, చెవిలోకి దూర్చబోయి ఆగాడు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఇల్లాలు కుళాయి కట్టేసింది.

“ఎంత పొడవు కావాలమ్మా?” అన్నాడు బాబాయి.

“నడుము దాకా నాన్నా.”

“తోకలు?”

“బయటికి.”

బాబాయి కళ్లు ఒకసారి గట్టిగా మూసుకుని తెరిచాడు. నడుము దాకా కట్టాడు. తోకలు బయటికే వదిలాడు. మూడు సార్లు లాగాడు, అది మాత్రం ఆమె కాదనలేదు. మెడలో వేసుకుని, ఆయన అనకముందే తనంతట తనే వంగింది. ఆ పెంకెపిల్ల వంగుతుందని ఆయన అనుకోలేదు. లేచి, బెల్టుని చేతికి మూడు చుట్లు చుట్టి చూసుకుని, “సరిపోయింది,” అని వెళ్లింది. సందు మలుపు తిరిగేదాకా ఆ రెండు తోకలూ గాలికి ఎగురుతూనే ఉన్నాయి. బాబాయి చేతులు వాటిని దోపెయ్యమన్నాయి. అయినా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

ఆ రోజు దుకాణంలో మొదటి కెమెరా ఒక స్కూలు టీచరు కొన్నాడు. సన్నగా, భయంభయంగా ఉన్నాడు. బాబాయి బెల్టు విప్పదీసి, రబ్బరు చాప మీద పొడుగ్గా పరిచాడు.

“ఎంత పొడవు కావాలండీ?”

వెనక గదిలో కుర్చీ కిర్రుమని ఆగిపోయింది.

“అయ్యో, నాకేం తెలుసండీ,” అన్నాడు టీచరు వినయంగా. “మీరు ఇంత అనుభవం ఉన్నవారు. మీ ఇష్టం.”

ముప్పై ఒక్క ఏళ్లుగా చెవులకి ఇంపుగా ఉన్న మాట అది. ఆ వేళ వినగానే బాబాయికి భయమేసింది. నాలుగు వేళ్లూ అలవాటుగా గుండె మీదికి లేచాయి. ఆయన వాటిని మెల్లగా దించి, చాప మీద పెట్టుకున్నాడు.

“నా ఇష్టం కాదండీ,” అన్నాడు. “ముందు మీరేం ఫొటోలు తీస్తారో చెప్పండి.”